నాన్నగారికి ఒక్కసారి లావా రాయి చూపించాలి: రాజాం నుంచి ఎక్కడికి వెళ్లాలి?

పాలకొండ మాస్టారి అమ్మాయి
అక్టోబరు 19

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసే ప్రయాణాల సంగతులు చదువుకోవడమే తప్ప నేను ఏమీ రాయలేదు. ఇప్పుడు అడగక తప్పని పని పడింది.

మా నాన్నగారికి జనవరిలో 74 ఏళ్లు నిండుతాయి. పాలకొండ చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 33 ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశారు. ఎనిమిదో తరగతిలో నేనూ ఆయన విద్యార్థినినే. అగ్నిపర్వతం పాఠం ఉన్న రోజున ఇంటి నుంచి రంగు సుద్దముక్కల పెట్టె పట్టుకొచ్చేవారు. కొండను నిలువునా కోసినట్టు నల్లబల్ల మీద గీసి, లోపలి శిలాద్రవానికి ఎర్ర సుద్ద, బయటికి పారే లావాకు నారింజ రంగు దిద్దేవారు. బూడిద మేఘం కోసం తెల్ల సుద్దను అడ్డంగా పెట్టి రుద్దేవారు. "లోపల ఉన్నంతసేపే అది శిలాద్రవం. గడప దాటిందా, దాని పేరు లావా" అనేవారు. మా తరగతి వాళ్లెవరూ ఆ మాట మరిచిపోలేదు. మా మందుల కొట్టుకు వచ్చి, చీటీ చేతికిస్తూ ఆ మాట అప్పజెప్పి నవ్వే పాత విద్యార్థులు ఇప్పటికీ ఉన్నారు.

దసరా సెలవుల్లో మా బాబు ఆయన్ని అడిగాడు: "తాతయ్యా, నువ్వెప్పుడైనా అగ్నిపర్వతం చూశావా?" నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టి, "లేదు నాన్నా. లావా రాయి కూడా చేత్తో ముట్టుకోలేదు" అన్నారు. బాధగా ఏమీ అనలేదు, ఉన్నమాట చెప్పారు. నాకు మాత్రం ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. 33 ఏళ్లపాటు ఏటా కనీసం రెండు సెక్షన్లకు ఆ బొమ్మ గీశారు కదా. ఆయన చూడని దాన్ని మా అందరికీ చూపించారు.

అందుకే అడుగుతున్నాను. మాకు దగ్గర్లో నిజమైన అగ్నిపర్వతపు రాయిని చూడగలిగే, ముట్టుకోగలిగే చోటు ఏదైనా ఉందా? కొట్టుకు వచ్చే ఒకాయన మా వైపు కొండ ఒకటి చూపించి, అది పూర్వం నిప్పులు కక్కిందని గట్టిగా చెప్పారు. నాన్నగారు ఒప్పుకోలేదు. "మన కొండలు ఆ జాతివి కావు" అన్నారు. ఏ జాతివని నేను అడిగేలోపే కొట్టులోకి మనిషి వచ్చాడు.

ఆయన మోకాళ్లు బాగా లేవు. నిరుడు బొర్రా గుహలకు వెళ్లినప్పుడు దిగడం బాగానే దిగారు, ఎక్కేటప్పుడు సగం మెట్లలో కాళ్లు పట్టేశాయి. మా వారూ మరో ఇద్దరు ప్రయాణికులూ చేతుల మీద పైకి తెచ్చారు. తిరుగు దారిలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. మళ్లీ అలాంటిది జరగకూడదు. కొట్టు మూడు రోజులకు మించి మూయలేం. ఖర్చు 15 వేలు దాటకూడదు. లావా వీలుకాకపోతే, ఎక్కుడు దిగుడు లేకుండా చూడగలిగే చెరువో జలపాతమో చెప్పినా చాలు.


ఓడెక్కిన విశాఖవాసి
అక్టోబరు 20

అమ్మా, ముందుగా మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి.

మన దేశంలో ఇప్పటికీ సజీవంగా ఉన్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి ఒక్కటే. పోర్ట్‌బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, ఈశాన్యంగా సుమారు 138 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1787లో అది నిప్పులు కక్కుతుండగా చూసినవాళ్లు రాసిపెట్టారు. తరువాత ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో లేచింది. అప్పటి నుంచి అప్పుడప్పుడూ పొగ, బూడిద, లావా వదులుతూనే ఉంది.

అయితే దీవి మీద దిగనివ్వరు. అనుమతి ఉన్న పడవలోంచి, దూరం నుంచి చూడటమే. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్లే ఓడ రోజూ ఉండదు, ఎక్కితే రెండు రోజులకు పైగా నీళ్ల మీదే. మీ మూడు రోజులూ పోయేదారికే సరిపోవు. నేను ఆ ఓడలో వెళ్లాను. రెండో రోజు సముద్రం లేచినప్పుడు పెద్దవాళ్లు పడ్డ ఇబ్బంది కళ్లారా చూశాను. మాస్టారిని ఆ ప్రయాణానికి పంపమని నేను చెప్పలేను.

ఇంకొక్క మాట. అండమాన్‌లోని బారాటాంగ్‌లో "బురద అగ్నిపర్వతం" ఉందని ఎవరైనా చెప్పవచ్చు. అక్కడ భూమి లోపలి వాయువులు బురదను పైకి తోస్తాయి. బుడగలు వస్తూ చల్లగా ఉంటుంది. చూడదగ్గదే, కానీ శిలాద్రవంతో దానికి సంబంధం లేదు. మాస్టారు అక్కడ నిలబడితే మొదట చెప్పే మాట అదే అవుతుంది.


నౌపడ ఉప్పుమడి
అక్టోబరు 20

లావా గురించి నాకు తెలియదు. చెరువు, ఎక్కుడు దిగుడు లేని చోటు అన్నారు కాబట్టి మా వైపు గురించి రాస్తున్నాను.

టెక్కలి దగ్గర తేలినీలాపురం రండి. ఊళ్లోనే చెట్ల మీద పెలికాన్ పక్షులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. సెప్టెంబరు చివర మొదలై మార్చి దాకా ఉంటాయి. అవి మేతకు వెళ్లేది మా నౌపడ తంపరలకే, అంటే తీరపు చిత్తడి నేలలకే. తెల్లవారుజామున ఉప్పుమళ్ల గట్టు మీద నిలబడితే, తల మీదుగా బారులు తీరి వస్తాయి. పెలికాన్ రెక్క ఆడించే చప్పుడు తడి చీర దులిపినట్టు వినిపిస్తుంది. ఆ ఊరివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. గూళ్లున్న చెట్టు మీద గొడ్డలి వెయ్యరు. ఏ ఏడాదైనా పక్షులు ఆలస్యం చేస్తే ఊళ్లో పెద్దవాళ్లు రోజూ ఆకాశం కేసి చూస్తుంటారు.

అవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది రాస్తుంటారు. నేనూ చిన్నప్పుడు అదే నమ్మాను. ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లో ఉండేవే. మేతకూ గూటికీ అనువైన చోటు వెతుక్కుంటూ మన దగ్గరికి వస్తాయి. సైబీరియా అన్నంత మాత్రాన వాటికి వచ్చే గొప్ప ఏమీ లేదు. మన చెట్టునే ఎంచుకున్నాయన్నది నాకు అంతకంటే పెద్ద సంగతి.

కుర్చీ వేసుకుని కూర్చున్న చోటి నుంచే అన్నీ కనిపిస్తాయి. మోకాళ్ల బాధ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి చోటు మన ఉత్తరాంధ్రలో లేదని నా నమ్మకం. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి కూడా ఇలాంటిదే. అయితే అక్కడి చిల్లుముక్కు కొంగలు వానాకాలం పక్షులు. జనవరిలో వెళితే ఖాళీ చెట్లే చూస్తారు.


గరివిడి సర్వేయరు
అక్టోబరు 21

అమ్మా, మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. పొద్దున్న లేచి కూర్చుని రాస్తున్నాను. కాస్త పొడవుగా ఉంటుంది. మాస్టారికి చదివి వినిపించండి.

నేను మాంగనీసు గనుల్లో 30 ఏళ్లకు పైగా కొలతల పని చేశాను. ముందు మన కొండల సంగతి చెబుతాను, ఎందుకంటే మాస్టారు నూటికి నూరుపాళ్లు సరిగ్గా చెప్పారు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. ఇక్కడి కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. అది ఎన్నడూ లావా కాదు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక. భూమి లోపలికి కూరుకుపోయి, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఉడికి, దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి రూపానికి వచ్చింది. మాస్టారి పాఠంలో చెప్పాలంటే రూపాంతర శిల. దాన్ని పగలగొట్టి ఎండలో పట్టుకోండి. దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. అవి గార్నెట్‌లు. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా ఈ ఖోండలైట్‌తోనే. కళింగపట్నం, బారువ తీరాల్లో అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద గులాబి చారలు, నల్ల చారలు చూసి ఉంటారు. గులాబి రంగు గార్నెట్, నలుపు ఎక్కువగా ఇల్మనైట్ అనే ఖనిజం. ఈ కొండల్లో అరిగిన రాయిని వంశధార, నాగావళి వంటి నదులు మోసుకెళ్లి తీరానికి చేర్చిన ఫలితమే అది.

మా గనుల సంగతి కూడా ఒకటి చెప్పనివ్వండి. విజయనగరం ప్రాంతంలో 1892 నాటికే మాంగనీసు తవ్వకం మొదలైంది. మన కోడూరు గని పేరు మీద కోడూరైట్ అని ఒక రాయి ప్రపంచ భూగర్భశాస్త్ర పుస్తకాల్లో ఉంది. ఒక ఊరి పేరు రాయికి స్థిరపడటం చిన్న విషయం కాదు. మన పిల్లల్లో నూటికి ఒక్కరికైనా ఇది తెలియదన్న బాధ నాకు ఎప్పుడూ ఉంది.

ఇక లావా. మీరు సముద్రం దాటనక్కరలేదు. రాజమండ్రి దాకా వెళితే చాలు.

6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి భారతంలో భూమి పొడవునా చీలి లావా పైకి వచ్చింది. ఒక్కసారి వచ్చి ఆగలేదు, పొర మీద పొరగా వస్తూనే ఉంది. దక్కన్ ట్రాప్స్ అనే లావా పొరలు అవే. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేలను కప్పుకుని ఉన్నాయి. పడమటి కనుమల్లో వాటి మందం రెండు కిలోమీటర్లకు పైమాటే. ఇది మాస్టారు పాఠం చెప్పే ఉంటారు. పాఠ్యపుస్తకంలో లేనిది ఏమిటంటే, ఆ లావాలో కొంత అప్పటి నదీ లోయల వెంట తూర్పుకు పారుతూ పారుతూ సుమారు 1,000 కిలోమీటర్లు నడిచి మన గోదావరి దగ్గరికి వచ్చిందని పరిశోధకులు తేల్చారు. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి. అంత దూరం గడ్డకట్టకుండా ఎలా వచ్చిందంటారా? కాగిన పాల మీద మీగడ కట్టినట్టు లావా మీద పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు లోపలి వేడిని పోనివ్వదు. దాని కింద లావా ద్రవంగానే సాగిపోతుంది.

ఆ రాయి గోదావరి తూర్పు ఒడ్డున రాజమండ్రిని ఆనుకుని ఉన్న కాతేరులో, పడమటి ఒడ్డున కొవ్వూరు, దేవరపల్లి మండలాల్లోని పంగిడి, గౌరీపట్నం దగ్గర బయటపడి ఉంది. గౌరీపట్నం నల్లరాయి క్వారీలు అందరికీ తెలిసినవే. రోడ్లకు పరిచే కంకర కోసం దశాబ్దాలుగా తవ్వుతున్నారు. అలా తవ్వడం వల్లే లోపలి పొరలు గోడలా నిలబడి కనిపిస్తాయి. కింద ఒక లావా పొర, దాని మీద లేత రంగులో పలచని సున్నపురాయి పట్టీ, ఆ పైన మళ్లీ లావా. మధ్య పట్టీలో గుల్లలు, ఆల్చిప్పలు దొరుకుతాయి. రాక్షసబల్లులు అంతరించిన కాలాన్ని అధ్యయనం చేసే శాస్త్రవేత్తలు విదేశాల నుంచి ఈ క్వారీలకు వచ్చి నమూనాలు పట్టుకెళ్లారు. కోణార్క చూడటానికి వందల కిలోమీటర్లు వెళ్లే మనం, రాజమండ్రి మీదుగా ఎన్నిసార్లు రైల్లో వెళ్లినా దీని ఊసు తలవం.

ఎక్కడానికి మెట్లు లేవు. కారు దాదాపు దగ్గర దాకా వెళుతుంది. మాస్టారిని తీసుకెళ్లండి.


పాలకొండ మాస్టారి అమ్మాయి
అక్టోబరు 21

సర్వేయరు గారూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. రాజమండ్రి మాట రాగానే "ఆగు, ఆగు" అని కళ్లద్దాలు తెప్పించుకుని ఫోనులో తానే మళ్లీ చదువుకున్నారు. బి.ఎడ్. రోజుల్లో రాజమండ్రిలో ఒక పెళ్లికి వెళ్లారట. కాతేరు మీదుగానే నడిచారట. "కాళ్ల కింద ఉంటే చూడలేదు" అని సాయంత్రం దాకా అంటూనే ఉన్నారు.

క్వారీలోకి మమ్మల్ని రానిస్తారా? బాబు కూడా ఉంటాడు, అందుకే భయం.


గరివిడి సర్వేయరు
అక్టోబరు 22

భయం ఉండాల్సిందే, అది మంచిది. పని జరుగుతున్న క్వారీలోకి అడగకుండా అడుగు పెట్టకండి. పేలుళ్ల వేళలు ఉంటాయి. ముందు కార్యాలయం గదిలో ఉన్నవాళ్లను అడగండి. పెద్దాయన మాస్టారని, పిల్లవాడికి రాయి చూపించడానికి వచ్చారని చెప్పండి. కుదరదంటే వాదించవద్దు, పక్కదానికి వెళ్లండి. వదిలేసిన పాత గుంతల్లో నీళ్లు నిలిచి నీలంగా అందంగా కనిపిస్తాయి. వాటి అంచుకు బాబును అస్సలు పంపకండి. ఆ అంచులు కింద గుల్లబారి ఉంటాయి, లోతు తెలియదు. నిటారు గోడ కింద కూడా నిలబడవద్దు.

చేతిలో మూడు వస్తువులు పెట్టుకోండి: ఒక భూతద్దం, దారానికి కట్టిన చిన్న అయస్కాంతం, ఒక నిమ్మకాయ. ఈ నల్లటి లావా రాయిని బసాల్ట్ అంటారు. దానిలో ఇనుప ఖనిజం ఉంటుంది కాబట్టి వేలాడే అయస్కాంతాన్ని రాయి దగ్గరికి తెస్తే అటు వాలుతుంది. మధ్య పట్టీలోని సున్నపురాయిని గీకి పొడి చేసి దాని మీద నిమ్మరసం పిండితే సన్నటి బుడగలు వస్తాయి. బాబు చేత చేయించండి.


సీతంపేట దారి
అక్టోబరు 24

మెట్టుగూడ జలపాతం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు మాటలు. మీకు పాలకొండ మీదుగా దగ్గరే. గెడ్డ, అంటే కొండవాగు, దాకా కొంత నడక ఉంటుంది. వానలు తగ్గాక, నవంబరులో వెళితే నీళ్లూ ఉంటాయి, రాళ్లూ మరీ జారవు. కొండ మీద వాన పడితే కింద ఎండ ఉన్నా గెడ్డ ఒక్కసారిగా పొంగుతుంది. నీళ్ల రంగు మారితే మాట్లాడకుండా ఒడ్డెక్కాలి. మాస్టారికి నడక వద్దనుకుంటే ఆడలి వ్యూ పాయింట్‌కు తీసుకెళ్లండి. పొద్దున ఏడు గంటలలోపు చేరితే మంచు కిందా మీరు పైనా ఉంటారు.


పాలకొండ మాస్టారి అమ్మాయి
జనవరి 23

సంక్రాంతి తరువాత వెళ్లి వచ్చాం. మీరందరూ చెప్పినందుకు వివరంగా రాయడం నా బాధ్యత.

నవంబరులో ఒక ఆదివారం ఆడలి వెళ్లాం. మంచు బాగుంది. నాన్నగారు మంచును రెండు నిమిషాలు చూసి, దారి పక్కన కోసిన గట్టు దగ్గరికి వెళ్లి రాయి వెతకడం మొదలుపెట్టారు. సర్వేయరు గారు చెప్పిన దానిమ్మ గింజలు దొరికాయి. పిడికెడంత ముక్క ఇంటికి తెచ్చారు.

ఇక అసలు ప్రయాణం. చీపురుపల్లిలో రైలెక్కి రాజమండ్రిలో దిగి, ఆ రాత్రి గోదావరి గట్టుకు దగ్గరగా గది తీసుకున్నాం. పొద్దున్నే కారు మాట్లాడుకుని నది దాటాం. మొదటి క్వారీ దగ్గర కాపలాదారు లోపలికి వద్దన్నారు. మీరు చెప్పినట్టే మారు మాట్లాడకుండా తిరిగి వచ్చాం. నాన్నగారి ముఖం చూడలేకపోయాను. రెండో చోట గుమాస్తా కుర్రవాడు ఎవరికో ఫోను చేసి, "మధ్యాహ్నం భోజనాల వేళ యంత్రాలు ఆగుతాయి, అప్పుడు రండి, నేను పక్కన ఉంటాను" అన్నాడు. రెండు గంటలు కారులో, వేపచెట్టు కింద కూర్చున్నాం. పులిహోర తిన్నాం. నాన్నగారు తినలేదు, తరువాత తింటానన్నారు.

లోపలికి వెళ్లాక యాభై అడుగుల దూరంలో గోడ కనిపించింది. సర్వేయరు గారు రాసినట్టే కింద నలుపు, మధ్యలో వెలిసిన పట్టుపంచె అంచులాంటి లేత రంగు పట్టీ, పైన మళ్లీ నలుపు. నాన్నగారు చెప్పులు విడిచారు. ఎందుకని నేను అడగలేదు. గుమాస్తా కుర్రవాడు మాత్రం, "రాళ్లు గుచ్చుకుంటాయి, వేసుకోండి తాతగారూ" అని చెప్పులు తెచ్చి తానే కాళ్ల దగ్గర పెట్టాడు. గోడ దగ్గరికి కాకుండా, పక్కన కొట్టి పోసిన కుప్ప దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ నాన్నగారు వంగలేక, నేలకు ఆనించిన కర్ర మీద బరువు వేసి, ఒక ముక్కను ఎత్తుకున్నారు. ఎండకు వేడెక్కి ఉంది. "వెచ్చగా ఉంది" అన్నారు. ఇంకేమీ అనలేదు. అరచేతిలో తిప్పుతూ ఉండిపోయారు.

తరువాత పాఠం మొదలైంది. ఎన్నేళ్ల తరువాతో ఆ గొంతు విన్నాను. గింజలు కంటికి కనిపించనంత సన్నగా ఎందుకున్నాయో బాబును అడిగారు. బాబుకు తెలియలేదు. "గడప దాటాక తొందరగా చల్లారింది, గింజ పెరగడానికి వ్యవధి చాలలేదు" అని చెప్పారు. కొన్ని రాళ్లలో బుడగల గుంతలు, వాటిలో తెల్లగా నిండిన ఖనిజం చూపించారు. అయస్కాంతం వాలింది. నాలుగుసార్లు చేయించుకుని చూశారు. గుమాస్తా కుర్రవాడు అయిదేళ్లుగా అక్కడే పని చేస్తున్నాడట. తానూ ఒకసారి దారం పట్టుకుంటానని అడిగాడు. కూలీలు అన్నం గిన్నెలు పట్టుకుని చుట్టూ చేరారు. వాళ్లలో ఒకాయన లేత రంగు పట్టీ నుంచి రాలిన ముక్క వెతికి తెచ్చి ఇచ్చారు. దానిలో చిటికెన వేలి గోరంత గుల్ల ఉంది. నిమ్మరసం పిండితే నిజంగానే బుడగలు వచ్చాయి. నాన్నగారు ఆ ముక్కను ఎండకు పట్టుకుని, "చూడమ్మా, రెండు లావాల మధ్య ఇక్కడ నీళ్లు నిలిచాయి. ఈ జీవి పుట్టింది, పెరిగింది. తన కింద ఉన్నది ఏమిటో దానికి తెలియదు" అన్నారు.

అరగంట కాగానే గుమాస్తా గడియారం చూపించాడు, వెంటనే వచ్చేశాం. వెళ్లేటప్పుడు రెండు చిన్న ముక్కలు అడిగి తీసుకున్నాం. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. వాళ్ల అమ్మాయి ఆరో తరగతి చదువుతోందని, ఈ సంగతి కాగితం మీద రాసి ఇమ్మని అడిగాడు. నాన్నగారు కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని రెండు వైపులా రాసి ఇచ్చారు.

ఖర్చు అడిగేవారి కోసం: రైలు, గది, కారు, భోజనాలు కలిపి నలుగురికి 11,400 రూపాయలు అయింది. మోకాళ్లకు ఇబ్బంది రాలేదు.

తిరుగు రైల్లో తుని దాటేదాకా ఆయన మాట్లాడలేదు. బొర్రా నుంచి వచ్చినప్పటి మౌనం గుర్తొచ్చి కంగారు పడి, అలసిపోయారా అని అడిగాను. "కాదమ్మా. నేను ప్రతిసారీ కొండనే గీశాను. శంఖువులా గీసి, కొసన నోరు పెట్టాను. ఈ రాయి ఏ కొండ నోట్లోంచీ రాలేదు కదా. నేల చీలి వచ్చింది. చీలిక ద్వారా వచ్చే లావా అని పుస్తకంలో ఒక వాక్యం ఉండేది. చదివించేవాణ్ణి, బొమ్మ మాత్రం ఎప్పుడూ గీయలేదు" అన్నారు. బాబు సంచీలోంచి నోటుపుస్తకం, రంగు పెన్సిళ్లు అడిగి తీసుకున్నారు. రైలు ఊగుతుంటే గీత వంకరపోయింది, రబ్బరుతో చెరిపి మళ్లీ గీశారు. ఎడమ పేజీలో చదునైన నేల, దానిలో పొడవాటి చీలిక, దాని కింద ఎరుపు. అక్కడి నుంచి నారింజ రంగు రెండు పేజీల మడత దాటి, కుడి పేజీ చివరి అంచుదాకా సాగింది. ఆ అంచున చిన్న చుక్క పెట్టి గౌరీపట్నం అని రాశారు.

సర్వేయరు గారూ, ఆ బొమ్మ పూర్తి చేశాక ఆయన మిమ్మల్ని ఒకటి అడగమన్నారు. ఆ మీగడ కింద లావా 1,000 కిలోమీటర్లు రావడానికి ఎన్నాళ్లు పట్టి ఉంటుంది? నెలలా, ఏళ్లా? పక్కన రాయడానికి చోటు వదిలిపెట్టారు.

నౌపడ వారికి: ఫిబ్రవరి రెండో ఆదివారం తేలినీలాపురం వస్తున్నాం. ఆ వేళకు గూళ్లలో పిల్లలు ఉంటాయా? కుర్చీ మేమే తెచ్చుకుంటాం.